గీడనే అన్న దూరం

డెబ్బైల మొదట్లో నా ఉద్యోగమల్లా జనం ఎంత నడుస్తారో రాసుకోవడమే. సూర్యాపేట ఆరోగ్య సర్వే ఆఫీసులో డాక్టరుగారు ఇచ్చిన ఫారాలు పట్టుకుని మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరిగేవాణ్ణి. పనిలో నడక ఎంత, పనికి రావడానికి నడక ఎంత అని అందులో రెండు గడులు. మనిషి వెంట ఇంటి నుంచి మిల్లుదాకా నడిచి చూసి మరీ రాయమన్నారు. నాకేమో ఎండంటే గిట్టదు. గేటు దగ్గర నీడన స్టూలు వేయించుకుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసేసేవాణ్ణి.

ఒక మిల్లులో, ఉడికించిన వడ్లు ఆరబోసే కళ్లం మీద, వాటిని కాళ్లతో కలియబెడుతూ పొద్దంతా అటూ ఇటూ తిరిగే ఆమె ఉండేది. నలభై ఏళ్లుంటాయి. ఆ నడక కళ్లెదుటే కనిపిస్తుంది గనక సరిగ్గానే రాశాను. ఊరెంత దూరమని అడిగితే నవ్వింది.

"గీడనే సారు. కాలువ దాటితే మా ఊరే."

మా ఇళ్లల్లోనూ నడిచేవాళ్లు ఎంత దూరాన్నయినా అలాగే ‘ఇక్కడే’ అని చెబుతారు. అది తెలిసీ, అరమైలు అని రాసి తరువాతి ఆమెను పిలిచాను.

ఆ ఫారాలు చూసి మా డాక్టరుగారు మిల్లు షావుకారుతో మాట్లాడారు. మూడు మైళ్లకు మించి నడిచొచ్చే ఆడవాళ్లను ఖాళీ లారీలో తీసుకురావడానికి ఆయన ఒప్పుకున్నాడు. జాబితా నేనే గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. దస్తూరి బాగుందని మెచ్చుకున్నారు కూడా.

ఆరు నెలలకు మళ్లీ వెళ్తే ఆమె లేదు. మోకాళ్లు వాచి పని మానేసిందన్నారు. అరమైలే కదా, పలకరించి వద్దామని నడుచుకుంటూనే బయల్దేరాను. కాలువ దాటాను, ఊరు రాలేదు. తుమ్మచెట్లు, పొలం గట్లు, మళ్లీ గట్లు. ఐదు మైళ్లకు తక్కువ ఉండదు. సగం దారిలోనే నేను చేసిన పని అర్థమైంది. వెనక్కి పోదామనిపించింది. సిగ్గేసి ముందుకే నడిచాను.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. లారీ సంగతి ఎందుకు అడగలేదన్నాను. తనకంటే దూరం నుంచి వచ్చేవాళ్లకే ఇచ్చారనుకుందట. తప్పు నాదేనని, నడిచి చూడకుండా రాశానని చెప్పాను. ఆమె లేవబోయి, లేవలేక, కోడలిని కేకేసి నీళ్లిప్పించింది.

"గీడికే గద సారు వచ్చింది, గిట్ల అలిసిపోయిన్రేంది?"

ఎగతాళి కాదు, జాలిపడే అడిగింది. చెంబెడు నీళ్లూ తాగాను గానీ, ఆమె కాళ్ల వంక చూడలేకపోయాను.