చేతికి అందేచోట రెండు కాయిళ్ళు

నాయిన తన బండిని ఒకసారి నడిపాడు. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా.

నాయిన పోయాక ఇంటికి ఎవరొచ్చినా అమ్మ రేకుల కింద పట్టా కప్పి ఉన్న ఆ బండిని చూపించి ఒకే మాట అంటుంది. "ఇన్నేండ్లు దాన్నే పట్టుకొని కూసున్నడు. ఒక్కనాడన్న ఎక్కి తిరగకపాయె." అప్పుడు నేను చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాను. డైరీ రాయకుండా నిద్రపోని నేను, నాయిన బండి నడిపిన రోజు పేజీలో ఎండ గురించి మాత్రమే రాసి మూసేశాను.

మాది నల్గొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఒక ఊరు. నాయిన అక్కడే బండ్ల మెకానిక్. పుట్టినప్పటి నుంచి బోరు నీళ్ళే తాగాడు. ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్ ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు వేసింది, తర్వాత ఎముకల్లోకి చేరింది. మొదట మెడ బిగిసింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగేవాడు. ఆ తర్వాత నడుము సగం వంగి అక్కడే గట్టిపడిపోయింది. నిటారుగా నిలబడలేడు, ఇంకొంచెం కిందికి వంగనూ లేడు. తెలంగాణ వచ్చాక కొన్నాళ్ళకు కృష్ణ నీళ్ళు నల్లాలోకి వచ్చాయి. మొదటి రోజు నాయిన ఒక గ్లాసు తాగి, "తియ్యగున్నయి" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. బిగిసిన ఎముకలు మళ్ళీ వదులు కావని దవాఖానలో అప్పటికే చెప్పి పంపారు.

మెకానిక్ పనంతా వంగి చేసేదే. షాపు మూతపడింది. మిగిలింది ఈ బండి ఒక్కటే.

అది రెండు సిలిండర్ల పాత బండి. తుక్కులో పోబోతుంటే తెచ్చి, విప్పి, సామాను బియ్యం సంచుల్లో దాచి, ఏళ్ళ తరబడి మళ్ళీ కట్టాడు. ట్యాంకు ఒక బండిది, సీటు ఇంకో బండిది. తన నడుముకు తగ్గట్టు హ్యాండిల్ ఎత్తు పెంచాడు, తన మోకాళ్ళకు తగ్గట్టు కాళ్ళు పెట్టుకునే కడ్డీలు ముందుకు జరిపాడు. దర్జీ బట్ట కుట్టినట్టు, తన ఒంటి కొలతకు బండి కుట్టుకున్నాడు. ఒళ్ళు మాత్రం ఏడాదికేడాది కొలత మారుతూ పోయింది.

"చేతులు ఆడుతున్నప్పుడే దీన్ని రోడ్డెక్కియ్యాలె" అనేవాడు. "నేనే నడపాలె. ఆగితే నేనే బాగుచేసుకోవాలె."

"ఎన్నన్న చేసుకో, బండి గేటు మాత్రం దాటొద్దు" అనేది అమ్మ. "పడితే లేపెటోళ్ళెవరు?"

నల్గొండలో డిగ్రీ అయిపోయి నేను ఇంట్లోనే ఉన్న రోజులవి. కొత్త మనుషులతో మాట్లాడాలంటే గొంతు పెగలదు నాకు. పుస్తకం పట్టుకుని మూల కూర్చుంటే ఇంట్లో ఉన్నానో లేనో తెలియదు. అమ్మ పత్తి ఏరడానికి పోయేది. మధ్యాహ్నాలు నేనూ నాయినా బండీ మిగిలేవాళ్ళం. పానా అందించడంతో మొదలై, కొన్ని వారాలకు ఆయన చెబుతుంటే నేనే బిగించేదాకా వచ్చాను. ఇద్దరం కూడా అవసరానికి మించి మాట్లాడే మనుషులం కాదు. అది నాకు నచ్చేది.

చివరికి మిగిలింది కాయిళ్ళ పని. ప్లగ్గులకు కరెంటు పంపేవి అవే, ఒక్కో సిలిండర్‌కు ఒకటి. పాతవి చచ్చిపోయాయి. కంపెనీవి ఇప్పుడు దొరకవు. హైదరాబాద్ నుంచి బస్సులో తెప్పించిన బయటి రకం కాయిళ్ళు పాతవాటికంటే లావు. పాత జాగాలో, ట్యాంకు కింద, వాటిని బిగిస్తే ట్యాంకు కూర్చోలేదు. పైకి లేచి ఊగింది. వేరే చోటికి జరపక తప్పదు.

సీటు కింద జాగా ఉంది. నేను రెండు కాయిళ్ళూ అక్కడ పెట్టి చూపించాను. నాయిన బండి పక్కన నిలబడి చెయ్యి చాపాడు. వేళ్ళు సీటు అంచు దాకా పోయి ఆగిపోయాయి. ఇంకోసారి చాపాడు. పళ్ళు బిగబట్టిన చప్పుడు నాకు వినిపించింది.

"ఈడ గాదు" అన్నాడు.

"ఎందుకు నాయినా? వాన పడది, వేడి తగలది. మంచి జాగా గదా."

"తొవ్వల బండి బందైతే సీటిప్పనీకె నువ్వొస్తవా?"

"వస్త."

"రేపు షాద్‌నగర్ కంపెనీల నౌకరి వచ్చి నువ్వు పోతే?"

ఆయన చెయ్యి హ్యాండిల్ కిందికి, బండి మెడ దగ్గరికి తీసుకెళ్ళి రెండు వైపులా తట్టాడు. "గీడ బిగియ్యి. అటొకటి, ఇటొకటి."

"ఇంజను వేడంతా గాడికే కొడతది. వానొస్తే తడుస్తయి."

"కొడతది. తడుస్తయి. నా చెయ్యి అందేది మాత్రం గీడికే."

ఇనుప పట్టీలు కోసి, వంచి, బెజ్జాలు వేసి, రెండు కాయిళ్ళను బండి మెడకు ఇరువైపులా బిగించాను. ట్యాంకు ముందు నుంచి రెండూ బయటికి పొడుచుకొచ్చాయి. ఎదురింటి చాయ్ హోటలాయన గేటు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. వరసకు ఆయన నాయినను బావా అంటాడు.

"బావా, గిది బండా, దున్నపోతా? కొమ్ములు మొలిచినయి!"

"దగ్గరికి రాకు. పొడుస్తది."

"పాలిస్తదా మరి?"

"నీ చాయ్‌ల పోసే నీళ్ళకంటె చిక్కగనే ఇస్తది, పో."

ఆయన నవ్వుకుంటూ పోయాడు. నాయిన కూడా నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని ఆగాడు. అప్పటికి ఛాతీ కూడా బిగుస్తోంది. నవ్వుకు ఊపిరి చాలడం లేదు.

అంతా బిగించాక కిక్కు కొడితే ప్లగ్గుకు కరెంటు రాలేదు. వైర్లన్నీ చూశాం. బాగానే ఉన్నాయి. నాయిన కాయిల్ పట్టీ బిగించిన చోటును వేళ్ళతో తడిమాడు. ఈ కాయిళ్ళకు ఎర్త్ బండి ఇనుము నుంచే అందాలి. ఇనుము మీద కరెంటును అడ్డుకునే రంగు ఉంది. చేతులు మంచిగా ఉన్నప్పుడు ఆయనే రోజుల తరబడి రుద్ది రుద్ది వేసిన నల్లరంగు.

"గీకు" అన్నాడు. "ఇనుము కనపడేదాక గీకు."

గరుకు కాయితంతో గీకుతున్నంతసేపు మనిషి మొత్తం అటు తిరిగి నిలబడ్డాడు.

మళ్ళీ బిగించి, ప్లగ్గు ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాను. నీలంగా చిటపటమంది. "వచ్చింది నాయినా!" ఆయనకు అంత కిందికి కనపడదు. పాత బండి అద్దం తెచ్చి ఇంజను పక్కన పెట్టి, ఆయన కళ్ళకు అందేలా వాల్చి, మళ్ళీ కొట్టాను. అద్దంలో ఆ నిప్పురవ్వను చూసి, "ఇంకోపాలి" అన్నాడు. కొట్టాను. "ఇంకోపాలి." కొట్టాను. మడమ వాచింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, అమ్మ పత్తికి పోయిన ఒక పొద్దున, "గేటు తియ్యి బిడ్డా" అన్నాడు.

నేను వద్దనలేదు. అరుగు పక్కన బండి పెట్టి, అరుగు మీది నుంచి ఆయన్ను మెల్లగా సీటు మీదికి జరిపాను. కాలు అవతలికి వేయడానికి నా రెండు చేతులూ కావలసి వచ్చాయి. హ్యాండిల్ పట్టుకోగానే మనిషి మారిపోయాడు. నేల మీద వంకరగా కనిపించే ఆ నడుము బండి మీద వంకరగా లేదు. బండి నడిపే వాళ్ళందరూ అలాగే కూర్చుంటారు. చూసేవాళ్ళకు ఏమీ తెలియదు.

కిక్కు కొట్టి, చున్నీ నడుముకు కట్టుకుని వెనక ఎక్కాను. ఆయన వెనక్కి చూడలేడు, పక్కకు చూడలేడు. ఆ చూపు నేనివ్వాలి. మాట బయటికి రాని నేను ఆ రోడ్డు మీద అరుస్తూనే పోయాను. "లారీ వస్తాంది! ఆగు, ఆగు... పోయింది. ఎడమ దిక్కు ఆటో ఉంది!"

ఊరు దాటి, పత్తి చేలు దాటి, కొత్త నీళ్ళ ట్యాంకు దాకా పోయాం. కృష్ణ నీళ్ళు అందులోకే వస్తాయి. దాని కింద బండి ఆపాడు. తల పైకెత్తలేడు. స్తంభాల మొదళ్ళ వైపే చూస్తూ అడిగాడు.

"ఎంత ఎత్తుందే?"

"శాన ఉంది నాయినా. పైన కొంగ కూసున్నది."

"ఊఁ" అన్నాడు. "జర ముందుగాల కట్టేదుండె."

తిరిగి వస్తుంటే బండి గొంతు మారింది. ఒక సిలిండర్ ఆగిపోయింది. నేను చెప్పినట్టే వేడికి. నాయిన బండి పక్కకు తీసి, ఇంజను ఆపకుండానే, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీది నుంచి కిందికి జార్చి కాయిల్‌ను తడిమాడు. వేడికి వదులైన వైరు కొనను వేళ్ళతో లోపలికి నొక్కాడు. రెండో సిలిండర్ అందుకుంది. బండి మళ్ళీ నిండుగా మోగింది. దిగలేదు, వంగలేదు, నన్ను అడగలేదు. ఆయన మొహం నాకు కనపడలేదు.

ఇంటికి వచ్చి అరుగు పక్కన ఆపాక దిగలేకపోయాడు. తుంటి కీళ్ళు అలాగే పట్టేశాయి. నేను చంకల కింద చేతులు వేసి లాగితే అరిచాడు. ఆగి, మళ్ళీ లాగాను. ఎవరినైనా పిలుస్తానంటే, "వద్దు, వద్దు" అన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలాగే ఉన్నాం. ఆయన ప్యాంటు తడిసిపోయింది. చివరికి ఇద్దరం కలిసి అరుగు మీద పడ్డాం. ఆయన మోచెయ్యి గీరుకుపోయింది. నేను ఆయనకు లుంగీ కట్టి, సీటు కడిగి, పట్టా కప్పాను.

"మీ అమ్మకు చెప్పకు" అన్నాడు.

నాయిన మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. తర్వాతి ఎండాకాలానికి మంచం దిగడం కూడా ఆగిపోయింది. ఊపిరి పైపైనే ఆడేది. మాట రెండు ముక్కలుగా వచ్చేది. అమ్మ బండి కోసం తుక్కువాళ్ళను పిలుస్తానంటే నేను వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె నన్ను వింతగా చూసి ఊరుకుంది.

నల్గొండ దవాఖానకు తీసుకెళ్ళిన రోజు స్ట్రెచర్ మీద ఆయన వెల్లకిలా పడుకోలేకపోయాడు. వీపు ఆనదు. బండి మీద కూర్చున్న రూపమే పక్కకు ఒరిగినట్టు, నా వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ చీటీ రాయించడానికి పోయింది. ఐసీయూ గది తలుపు ముందు మేమిద్దరమే ఉన్నాం. నేను దుప్పటి సర్దుతూ ఉంటే ఆయన వేళ్ళు నా మణికట్టును పట్టుకున్నాయి. లోపలి నుంచి మనుషులొచ్చి స్ట్రెచర్ పట్టుకున్నారు. వాళ్ళు నెట్టేలోపు, ఊపిరి కూడగట్టుకుని చెప్పాడు.

"ఎడమ దిక్కు కాయిల్... వైరు వదులైతుంటది. చూస్తుండు బిడ్డా. దిగే పని లేదు... కూసొనే అందుతది."