అత్త చేసిన చెప్పుల దండ

మొన్న కావలి బస్టాండులో దిగుతుంటే నా రబ్బరు చెప్పు తెగింది. కుట్టించుకునే ఓపిక లేదు, పారేయడానికి మనసు ఒప్పదు. రెండూ సంచిలో వేసుకుని ఉత్త కాళ్లతో ఆటో ఎక్కాను. రిటైరైన టీచరమ్మ వాలకం చూసి ఆటో అతను నవ్వుకునే ఉంటాడు. ఈ వయసులో నవ్వినవాళ్లకు సంజాయిషీ చెప్పుకునే సత్తువ కూడా ఉండదు. ఇంటికి చేరి మంచం మీద వాలాక, తెగిన చెప్పు చూసినప్పుడల్లా గుర్తొచ్చే మా మేనత్తే మళ్లీ గుర్తొచ్చింది.

అత్తది సముద్రపు ఒడ్డు పల్లె. మామ వేటకు పోయేవాడు, ఆమె తట్టలో చేపలు పెట్టుకుని కావలికి తెచ్చి అమ్మేది. వేట లేని రోజుల్లో తీరం వెంట నడుస్తూ అలలు తెచ్చి పడేసిన రబ్బరు చెప్పులు ఏరేది. ఎక్కడి మనుషులవో, ఎప్పుడు చూసినా ఒంటివే. జోడు దొరికిన పాపాన పోలేదు. వాటిని ఉప్పు పోయేలా కడిగి, కత్తిపీట మీద బిళ్లలుగా తరిగి, కాల్చిన దబ్బనంతో బెజ్జాలు పెట్టి, పాత వల దారానికి గుచ్చితే దండలయ్యేవి, గాజులయ్యేవి. మిగిలిన పెద్ద ముక్కలు కూర్చి తాబేళ్లు, చేపలు చేసి పెరట్లో నిలబెట్టేది. గుమ్మం ముందు కుప్ప చూసి మామ, "ఏందే, మనింట్లో పెళ్లేమన్నా జరగతా ఉండాదా? ఊరోళ్లంతా చెప్పులు ఈడనే ఇడిచినారు" అనేవాడు. అత్త తలెత్తకుండానే, "వస్తే రానీ, పులుసు ఉండాదిలే" అనేది.

నాకు కావలిలో ఉద్యోగం వచ్చిన ఏడాది వేసవంతా ఆమె దగ్గరే ఉన్నాను. నీలం, తెలుపు, ఆకుపచ్చ బిళ్లలు ఆమె తరిగితే బెజ్జాలు నేనే పెట్టాను. ఆ దండ నా మెడలో వేసి, "టీచరమ్మకి బంగారం నేనేడ తెచ్చేది? సముద్రం ఇచ్చింది, ఏసుకో" అంది. బడి వార్షికోత్సవం నాడు వేసుకుని వెళ్లాను. తోటి టీచర్లు ఎగబడి చూశారు. ఎక్కడ కొన్నావంటే మద్రాసులో అన్నాను. ఎందుకన్నానో!

ఆ మధ్యాహ్నమే అత్త, చేపలమ్ముకుని ఖాళీ తట్టతో నన్ను చూడ్డానికి బడికొచ్చింది. స్టాఫ్ రూములో అందరూ దండను మెచ్చుకోవడం విని ఆమె మొహం విప్పారింది. "పాత చెప్పులమ్మా! అన్నీ ఒడ్డున ఏరినవే. నేనే చేసినా" అంది.

మెచ్చుకున్నవాళ్లలోనే ఒకామె, "చెప్పుల దండా?" అంది. ఇక నవ్వులే నవ్వులు. తప్పు చేసినవాడి మెడలో వేసి ఊరేగించేది అదే కదా మరి. గబగబా తీసేసి, "చెప్పులని నాకు తెలీదు, ఆమె చెప్పలేదు" అన్నాను.

అత్త నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నట్టుండి బాగా అలిసిపోయినట్టు కనిపించింది. "అవునమ్మా, బిడ్డకి నేను చెప్పలా" అని వాళ్లతో అంది. దండ నా చేతిలోంచి తీసుకుని తన మెడలో వేసుకుని, తట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా, ఆ దండతోనే బస్టాండు వైపు నడిచింది.

ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వెళ్తే ఎప్పటిలాగే పులుసు పోసి అన్నం పెట్టేది. కొన్నేళ్లకు నెల్లూరు నుంచి ఎవరో వచ్చి ఆమె చేసిన మంచమంత తాబేలును ప్రదర్శనకు తీసుకుపోయారు. దాని పక్కన అత్త ఆ దండ వేసుకుని ఫోటో దిగింది. నాకు మాత్రం మరొకటి చేసివ్వలేదు. అడిగే మొహం నాకూ లేదు.

చివరికి ఆమె వేళ్లు వాచి దబ్బనం పట్టలేని స్థితికి వచ్చింది. ఒకరోజు వెళ్లి పక్కన కూర్చుని పొద్దుగూకే దాకా బెజ్జాలు పెట్టాను. ఉండబట్టలేక, "అత్తా, ఆ రోజు బళ్లో..." అన్నాను.

"బెజ్జం వంకర పోతా ఉండాది, చూసి పెట్టు" అంది.

మూడు నెలలకు పోయింది. కాలం గడిచేకొద్దీ బరువు తగ్గుతుందంటారు. తగ్గేది మోసేవాళ్ల సత్తువేనని నాకిప్పుడు తెలుస్తోంది.