ఎవరికైనా తడుతుందండీ!

రూబీని ఎవరైనా మెచ్చుకుంటే చాలు, తప్పు చేసి దొరికిపోయినట్టు ముడుచుకుపోతుంది. రొయ్యల కూర అదిరిందంటే "అబ్బే, చింతచిగురు లేతదండి" అంటుంది. చర్చిలో పాట బాగా పాడావంటే ఆ గొప్పంతా హార్మోనియం మీదకి తోసేస్తుంది. గోదావరి వాళ్ళందరికీ కాస్తో కూస్తో ఉన్న జబ్బే ఇది. ఈవిడకి మరీ ముదిరింది.

రాజమండ్రిలో పాలిటెక్నిక్ లెక్చరర్ ఆమె. సర్క్యూట్ బోర్డు మీద ఏ గీత ఎటు పోవాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్ ఒకటి సొంతంగా రాసింది. మామూలువి కరెంటు వచ్చే చోట మొదలుపెట్టి గీసుకుంటూ పోతాయి, చివరికి చేరేసరికి చోటు చాలదు. రూబీది దానికి తలకిందులు. అన్నిటికంటే దూరంగా, ఇరుకులో ఉన్న భాగానికి ముందు దారి వేసి, అక్కణ్ణుంచి వెనక్కి వస్తుంది. వాళ్ళ నాన్న చిట్టియ్య కాలవ మీద తూములు తీసి మూసే లస్కరుగా ఉన్నన్నాళ్ళూ, నీళ్ళు తక్కువైన ఏడాది కాలవ చివరున్న శివారు చేలకే ముందు వదిలేవాడు. అది చూస్తూ పెరిగిన పిల్ల మరి.

పేటెంటుకి పెడితే, ఈ రంగంలో ఉన్న ఎవరికైనా ఇట్టే తట్టే ఆలోచనేనని చెన్నైలోని పేటెంటు ఆఫీసు తిప్పికొట్టింది. లాయరు గంగాధర్ మద్రాసు హైకోర్టులో అప్పీలు వేశాడు. అక్కడా ఓడితే ఆ పద్ధతి ఎవరైనా వాడుకోవచ్చు, రూబీ పేరు ఎక్కడా ఉండదు. పైకి అనేది కాదు గానీ, ఆ పేరు ఆమెకి కావాలి. చాలా కావాలి.

విచారణ వీడియోలో జరిగింది. లాప్‌టాప్ ముందు రూబీ, పక్కన గంగాధర్, గుమ్మం దగ్గర చిట్టియ్య. అంతా సవ్యంగా సాగుతోందనగా పేటెంటు ఆఫీసు లాయరు, ఈ సాఫ్ట్‌వేర్‌కి కాలేజీలో చేసిన సన్మానం వీడియో బయటికి తీశాడు. అందులో శాలువా కప్పుకుని రూబీ సిగ్గుపడుతూ అంటోంది: "ఇందులో నా గొప్పేముందండీ? ఎవరికైనా తడుతుందండీ!"

"ఏంటండీ మేడమ్ ఇది!" అని గంగాధర్ తల పట్టుకున్నాడు.

జడ్జిగారు నేరుగా రూబీనే అడిగారు, ఆ మాట నిజమేనా అని.

కన్నతండ్రి ఎదుట, పెద్దవాళ్ళ ముందు, తన్ను తాను పొగుడుకోవడమా! అలవాటుగా "ఆయ్, నిజమేనండి" అనబోతూ రూబీ గుమ్మం వైపు చూసింది. చిట్టియ్య వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇంగ్లీషు రాకపోయినా కూతురి మొహం ఆయనకి బాగా తెలుసు.

"అది మర్యాదకి అన్న మాటండి," అంది. కంగారులో ఇంగ్లీషు ఎటు పోయిందో, తెలుగే వచ్చేసింది. "మా వైపు ఎవరూ నేనే చేశానని చెప్పుకోరండి. ఎవరికైనా తట్టేదైతే ఇన్నాళ్ళూ ఒక్కరికీ తట్టలేదేంటండి? నాకు తట్టింది. నేనే చేశాను."

గంగాధర్ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. జడ్జిగారు చిన్నగా నవ్వారు.

తీర్పు రూబీ వైపే వచ్చింది. పాత పద్ధతుల్లో ఏదీ చివర నుంచి మొదలుపెట్టమనలేదనీ, సన్మానంలో అన్న వినయపు మాట సాక్ష్యం కాదనీ రాశారు.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఆమెని లేపి నిలబెట్టారు. చప్పట్లు మోగాయి. "అబ్బే, నాదేముందండీ..." అని మొదలుపెట్టిందో లేదో, వెనకనుంచి చిట్టియ్య గట్టిగా దగ్గాడు.

"నేనే చేశానండి," అంది రూబీ, సిగ్గుతో చచ్చిపోతూ. లోపల మాత్రం పండగలా ఉంది.

బయట జనం చిట్టియ్యని చుట్టుముట్టారు. "అసలు ఆలోచన మీ దగ్గర నేర్చుకున్నదేనటగా!"

"అబ్బే, నాదేముందండీ! కాలవ అలా ఉందంతే," అన్నాడాయన.

ఈసారి దగ్గడం రూబీ వంతైంది.