ఎడమకంటికే పనిచేసిన వాచీ భూతద్దం

దెయ్యాలూ గాలీ ధూళీ నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇది చదివి నన్నెవరైనా తాయెత్తు కట్టుకోమంటే ఒళ్ళు మండుతుంది, ముందే చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. విశాఖ వన్‌టౌన్‌లో మాకు చిన్న వాచీ రిపేరు కొట్టుండేది. మా ఆయనకి జబ్బు చేసి కుడిచెయ్యి వణకడం మొదలైంది. వాళ్ళ అన్న, మా బావగారు, తన అల్లుణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెడతానన్నారు. నేనే కూర్చుంటానన్నాను. రంజాన్ లోపు పని నేర్చుకోకపోతే కొట్టు వదిలెయ్యాలని ఒప్పందం.

పనిలో దిగేముందు ఏ కంటికి జోరెక్కువో చూడడం వాళ్ళింటి పద్ధతి. మా ఆయన నన్ను డాబా ఎక్కించారు.

"రెండు సేతులూ కలిపి మద్దిన కన్నం ఉంచు. అందులోంచి కొండమీద లైటుహౌసు సూడు. ఇప్పుడు ఎడంకన్ను మూసెయ్. ఉందా, పోయిందా?"

"ఉంది."

"అయితే నీది కుడికన్ను."

అందులో వింతేమీ లేదు. చిన్నప్పుడు తట్టు పోసి నా ఎడమకన్ను దెబ్బతింది. దాంతో మనిషి మొహం కూడా మసకే. అద్దాలు పెట్టినా లాభం లేదని పెద్దాసుపత్రిలో ఎప్పుడో చెప్పేశారు.

కంటికి నొక్కిపెట్టుకునే భూతద్దం నాకు నిలవలేదు, జారిపోయేది. అందుకని మా ఆయన ఓడల పాతసామాను అమ్మేవాడి దగ్గర తలకి కట్టుకునే పట్టీ ఉన్న అద్దం కొనుక్కొచ్చారు. అంతకుముందు ఎవరు వాడారో తెలీదు. కుడికంటి మీదికి తిప్పి బిగించారు. అంతా పొగ. తుడిచాం, దూరం సరిచేశాం, అదే పొగ. ఆయన పెట్టుకుంటే మాత్రం శుభ్రంగా కనిపించిందట.

చిరాకేసి అద్దాన్ని ఎడమకంటి మీదికి తిప్పాను. వాచీలో వెంట్రుకంత స్ప్రింగు, దాని ప్రతి చుట్టూ కనిపించింది. భయపడ్డాను, అబద్ధమెందుకు?

అద్దం పైకెత్తి, పట్టీ తలకి అలాగే ఉంచుకుని డాబా మీదికి పరిగెత్తాను. చేతుల కన్నంలోంచి చూస్తూ ఈసారి ఎడమకన్ను మూస్తే లైటుహౌసు మాయం, అంటే జోరు ఎడమకంటిదే. పట్టీ తీసేస్తే మళ్ళీ కుడికన్నే. అదే పవరున్న వేరే అద్దం ఎడమకంటికి పెట్టి చూశాను. మసక తప్ప ఏమీ లేదు.

సంగతి బావగారి చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే కొట్టుకొచ్చి, గిరాకీల ముందే అందుకున్నారు. "ఎవడో సచ్చిన నావికుడి సూపది. ఈవిణ్ణి దర్గాకి తీసుకెల్లు తమ్ముడూ. గాలి సోకిన మనిసి సేతికి వాచీ ఎవడిత్తాడు?"

నాకు మండుకొచ్చింది. "మీరే ఇవ్వండి" అని చెయ్యి చాపాను. ఆయన చేతి వాచీ ఆగిపోయి చాలా రోజులైంది, అలంకారానికి పెట్టుకు తిరిగేవారు. అందరూ చూస్తుంటే ఇవ్వక తప్పలేదు. అద్దం ఎడమకంటి మీదికి దించుకుని వాచీ విప్పాను. స్ప్రింగు చుట్టల్లో చిక్కుకున్న నూగు కనిపించింది. పట్టకారుతో తీశాను. వాచీ నడిచింది. బావగారు దాన్ని చేతికి కట్టుకుని వెళ్ళిపోయారు. అల్లుడి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత కళ్ళడాక్టరుకి చూపించుకున్నాను. ఎడమకన్ను ఎందుకూ పనికిరాదనే అన్నారు. పట్టీ కట్టుకుని చూపిస్తే ఆయన పరీక్ష మళ్ళీ మొదటినుంచీ చేశారు.

ఎలా సాధ్యమో ఇప్పటికీ నాకు తెలీదు. ఆ చూపు ఎవరిదైనా కానివ్వండి, పట్టకారు పట్టుకున్న చెయ్యి మాత్రం నాది.