మందు రాయకూడని నెల

మా ఆవిడ ఒంటిమీది మచ్చలకు లింఫోమా అన్న పేరు పడేలోపు చాలా పేర్లు పడ్డాయి. మేముండే పోర్ట్‌లీష్ ఊళ్ళో మా జీపీ డాక్టరు ఎగ్జిమా అన్నాడు. చర్చిలో ఆంటీలు తామర అన్నారు. ఇండియా వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ తలా ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు తెచ్చి చేతిలో పెట్టారు. ఇక్కడ మనవాళ్ళ పద్ధతే అంత, సూట్‌కేసులో ఆవకాయ పక్కన మందుల షాపు కూడా దిగుతుంది. అవన్నీ స్టెరాయిడ్లని మాకు తెలియదు. రాస్తే మచ్చలు మాయమయ్యేవి, మానేస్తే మళ్ళీ లేచేవి. చివరికి డబ్లిన్‌లో చర్మం ముక్క తీసి పరీక్ష చేసి, తెల్ల రక్తకణాలు చర్మంలో చేరి పెరిగే క్యాన్సర్ అన్నారు.

లైట్ల పెట్టెలో నిలబెట్టి చేసే వైద్యం కొన్నాళ్ళు పనిచేసింది. మాత్రలు అసలు పనిచెయ్యలేదు. అప్పుడు డబ్లిన్ డాక్టరమ్మ ఒక కొత్త మందు సంగతి చెప్పింది. ఇంకా పరిశోధనలో ఉంది, కొద్దిమందికే ఇస్తున్నారు, ఒక్కరికి చోటు మిగిలింది. చేరాలంటే ముందు నెలరోజులు ఒంటికి ఏ మందూ రాయకూడదు. మచ్చల అసలు రూపం చూడకపోతే కొత్త మందు పనిచేసిందో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది?

"కొబ్బరినూనె రాసుకోవచ్చా?" అని మా ఆవిడ అడిగింది.

"గ్రాండ్," అంది రీసెర్చ్ నర్సు, దానికేం, రాసుకోండి అన్నట్టు. ఈ దేశంలో వానకీ గ్రాండే, చావుకీ గ్రాండే.

ఆ నెల పగవాడికి కూడా వద్దు. ఆమె వృద్ధుల్ని ఉంచి చూసుకునే నర్సింగ్ హోమ్‌లో కేరర్. పొద్దుటి నుంచి ముసలివాళ్ళ ఒంటికి లోషన్లు రాసి వచ్చి, తన ఒంటికి ఏమీ రాసుకోలేక గోడకు వీపు ఆనించి రుద్దుకునేది. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది. చొక్కాకి నెత్తురు అంటేది. ఉతకడానికి వేసేముందు మరకలు నేనే కడిగేవాణ్ణి, మా అత్తగారు చూడకూడదని.

అత్తగారు గుంటూరు నుంచి మాకు సాయంగా వచ్చి ఉన్నారు. కూతురు డ్యూటీ నుంచి రాగానే కుర్చీలో కూర్చోబెట్టి తలకీ వీపుకీ కొబ్బరినూనె మర్దనా చేసేవారు. ఆ కాసేపే ఆమె కళ్ళు మూసుకునేది. పోనుపోను దురద తగ్గింది. మచ్చలు పల్చబడ్డాయి. అత్తగారు ప్రార్థనా ఫలం అన్నారు. మా ఆవిడ అద్దం ముందు నిలబడి ఏడ్చింది. నేను ప్రార్థనలకు దూరంగా ఉండే మనిషిని, అయినా ఆ పూట మాత్రం నోరు మూసుకుని సంతోషించాను.

నెల నిండాక ముగ్గురం డబ్లిన్ వెళ్ళాం. ఈ జబ్బుని రోగి అరచేతితోనే కొలుస్తారు, ఒంటిమీది మచ్చలన్నీ కలిపి ఎన్ని అరచేతులంత ఉన్నాయో అదే లెక్క. డాక్టరమ్మ కొలుస్తూ కొలుస్తూ ఆగిపోయింది. ఏమన్నా రాశారా అని అడిగింది. మా ఆవిడ ఒట్టేసి చెప్పింది, ఉత్త నూనె తప్ప ఏమీ లేదని.

"ఏమంటున్నారు బాబూ?" అని అత్తగారు నన్నడిగారు.

"మచ్చలు ఎట్లా తగ్గినయ్యని అడుగుతున్నారు అత్తయ్యా."

ఆవిడ మొహం విప్పారింది. "నేనే తగ్గించానని చెప్పండి. అలమరలో ట్యూబులున్నయ్ గదా, నూనెలో కలిపి రాశా. మందు రాయొద్దన్నారుగా, అందుకే ఉత్త మందు రాయలా. పిల్ల అల్లాడిపోతంటే చూస్తా కూర్చోమంటారా?"

దాన్ని ఇంగ్లీషులో చెప్పాల్సింది నేను. చెప్పాను. నర్సు కాగితాలు సర్దేసింది. నెల మళ్ళీ మొదటినుంచి గడవాలి, ఈలోగా కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపేస్తారట, ఆ చోటు ఇక పోయినట్టే. డాక్టరమ్మ చాలాసార్లు సారీ చెప్పింది. నాకు అందరి మీదా కోపం వచ్చింది, అందరికన్నా ఎక్కువగా ఆ ముసలావిడ మీద. నోటిదాకా వచ్చింది.

అత్తగారు బాత్రూముకి వెళ్ళినప్పుడు మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకి చెప్పొద్దండీ. నా మీద ఒట్టు. ఆ మందుకి ఇంకా టైముందని చెప్పండి."

అలాగే చెప్పాం. ఆవిడ నమ్మారు.

తర్వాత మచ్చలు మళ్ళీ లేచాయి, ఈసారి గడ్డలై. వేరే మందులు సెలైన్‌లో ఎక్కించి చూశారు. ఆగలేదు. మొన్న శుక్రవారం నర్సు ఫోన్ చేసింది. ఇక ఏ షరతులూ లేవు, తనకి ఏది హాయిగా ఉంటే అది రాసుకోవచ్చు అంది. ఆ మాటకి అర్థం నాకు తెలుసు, మా ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఆ నర్సింగ్ హోమ్‌లో చివరి రోజుల్లో ఉన్న ఎంతమంది గురించి ఆ మాట విందో.

"ఏమన్నారు బాబూ?" అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

"ఏ మందైనా రాయొచ్చన్నారు."

"హమ్మయ్య, దేవుడికి స్తోత్రం. ఇప్పటికన్నా తెలుసుకున్నారు. నేను ముందే చెప్పలా?" అంటూ ట్యూబులు పట్టుకుని గబగబా వచ్చారు.

మా ఆవిడ నా వైపు చూడలేదు. చొక్కా పైకి లాగి, తల్లి వైపు వీపు తిప్పి కూర్చుంది.