విమానానికి దిష్టి

తిరుపతి కొత్త మ్యూజియంలో పాత బాంబర్ విమానాన్ని బిగిస్తున్న ఓబయ్య, ప్రతి బోల్టునూ తుడిచి, అది ఊడిన రంధ్రంలోనే పెడతాడు. షెడ్డులో పడి సొట్టపోయిన దాని ముక్కురేకును కొయ్యసుత్తితో మూడు నెలలు తట్టి నునుపు చేశాడు. ఆ పొద్దున పాకాల బస్సు దిగి వచ్చేసరికి, అదే రేకుకు బొక్క పొడిచి బూడిద గుమ్మడికాయ వేలాడదీసి ఉంది. ఓబయ్య ఆ బొక్కలో వేలు పెట్టి చూశాడు.

"ఎవుడ్రా పొడిసింది?"

"నేనేన్నా. రేపు ఓపెనింగ్ కదా, దిష్టి తగలకూడదని," అన్నాడు చేతిలో బ్యాటరీ డ్రిల్లుతో ఉన్న కాంట్రాక్టర్ ధనశేఖర్.

"యుద్ధంలో ఒక్క గుండు తగల్లేదు దీనికి. నీ డ్రిల్లు తగిలిందబ్బా!"

ఓబయ్య ఆ డ్రిల్లు లాక్కుని, బయట నిలిపిన ధనశేఖర్ కొత్త కారు బానెట్‌కు ఆనించాడు.

"దీనికింకా ఎక్కువ దిష్టి ఉండాదప్పా. ఈడ పెట్టేదా బొక్క?"

ధనశేఖర్ పరుగున వచ్చి బానెట్ మీద బోర్లా పడ్డాడు.