చొక్కా చేతులు మడిచే దొరసాని

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, ఫ్లోరైడ్ నీళ్ల సంగతి చూడటానికి ఇంగ్లండు నుంచి ఒక ముసలి దొరసాని మర్రిగూడ వచ్చింది. మా ఇంట్లోనే మూడు రోజులుంది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. పని కనబడితే చాలు, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచేది. మాతోపాటు పత్తి కూడా ఏరింది.

చేన్లో బువ్వ తినేటప్పుడు వాళ్లమ్మ ముచ్చట చెప్పింది. వెంట వచ్చిన పంతులమ్మ దాన్ని తెలుగులో వినిపించింది. మగవాళ్లు యుద్ధానికి పోతే ఆ తల్లి నాలుగేళ్లు ట్రాక్టరు తోలిందట. వాళ్లు తిరిగి రాగానే, ఇక దిగి ఇంటికి పోయి వంట చేసుకోమన్నారట.

"గంత మంచిగ తోలేదాన్ని దించుడేంది? అన్యాయం గాదా?" అన్నాడు మా ఆయన.

మా కోడలు పుట్టింట్లోనే ట్రాక్టరు తోలడం నేర్చుకుంది. రెండేళ్లుగా అడుగుతున్నా ఆయన మా ట్రాక్టరు ఇవ్వలేదు. ఆమె ముద్ద చేతిలోనే ఆపింది.

"మరి నన్నెందుకు ఎక్కనిస్తలేవు మామా?"

పంతులమ్మ ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే దొరసాని పగలబడి నవ్వింది. ఆయన జేబులోంచి ట్రాక్టరు తాళంచెవి తీశాడు.

"నేను గా ఇంగ్లండోళ్ల లెక్కనా? ఇగ పట్టు."

ఆ సాయంత్రం పత్తి మూటలు కోడలే ఇంటికి తెచ్చింది. దొరసాని మూటల మీద కూర్చుని దారంతా చప్పట్లు కొట్టింది. ఆయన మాత్రం "మెల్లగ బిడ్డా, మెల్లగ" అంటూ వెనకాల నడుస్తూనే ఉన్నాడు.